ఎనిమిది ముడుల తాడు

లాంచీ ఇంజిన్ మూడోసారి ఆగిపోయింది. అప్పుడే పీట వాల్చుకుని కూర్చోబోతున్న ముడులమ్మ సగం వంగిన నడుముతోనే మళ్ళీ లేచి నిలబడింది.

"ఎంతసేపు నడిచింది?"

"పన్నెండు నిమిషాలు," అంది కూతురు ఫోను చూస్తూ. "మళ్ళీ పన్నెండే అమ్మా."

పొద్దున తొమ్మిదింటికి పన్నెండు నిమిషాలు. పదింటికి పన్నెండు. ఇప్పుడు పదకొండు దాటింది, ఇదీ పన్నెండే. లోపలెవరో గడియారం పెట్టుకుని కూర్చుని, టైము కాగానే పీక నులిమేస్తున్నట్టుంది. ఆగేటప్పుడు ఒక్కసారిగా ఆగితే అదో రకం. ఇది అలా కాదు. ముందు గొంతు మారుతుంది, తర్వాత దగ్గుతుంది, ఆ తర్వాత రెండు పొగ ముద్దలు కక్కి ఊరుకుంటుంది. ఆ దగ్గు ముడులమ్మకి తెలిసిన దగ్గే. నాలుగేళ్ళ కిందట మంచం మీద మనిషి అచ్చం అలాగే దగ్గేవాడు మరి.

ఆ మనిషి ఆవిడ భర్త. సరంగు. ఈ లాంచీని చెక్క చెక్కా తానే చిత్రిక పట్టి కట్టుకుని, పద్దెనిమిదేళ్ళు జనాన్ని ఏరు దాటించినవాడు. వంతెన వచ్చాక ఎక్కేవాళ్ళు పల్చబడ్డారు. ఆ పైన ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆయన పోయాడు, లాంచీ మరిది రంపం మిల్లు వెనక రేకుల షెడ్డులో దుంగల మధ్య పడుకుంది.

ఇప్పుడు ఆ వంతెనకే పగుళ్ళు వచ్చాయి. ముందు బస్సులు ఆపారు, తర్వాత స్కూటర్లు ఆపారు, ఆఖరికి నడిచేవాళ్ళని కూడా ఆపేశారు. బాగుచెయ్యడానికి రెండేళ్ళు పడుతుందట. ఇళ్ళన్నీ ఈ ఒడ్డున, ఫ్యాక్టరీలన్నీ ఆ ఒడ్డున. దాంతో రేవు ఆఫీసువాళ్ళకి మళ్ళీ లాంచీలు గుర్తొచ్చాయి. రెండు లాంచీలకి అనుమతి ఇస్తామన్నారు. ఒకటి ఇచ్చేశారు. రెండోదాని కోసం ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆఫీసరు వచ్చి ఈ లాంచీని చూస్తాడు. ఇంజిన్ ఆగకుండా అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగి రావాలి. అరగంట పని. మధ్యలో ఒక్కసారి ఆగిందా, పేరు కొట్టేసి వెళ్ళిపోతాడు.

పేరు కొట్టేస్తే ఇంకొకటి కూడా ఉంది. ఇంజిన్ అన్నదమ్ములిద్దరిదీ. మిల్లులో మోటారు రోజూ మొరాయిస్తోందని మరిది రెండేళ్ళుగా ఈ ఇంజిన్ మీద కన్నేసి ఉన్నాడు. చెడ్డవాడేం కాదు. నాలుగేళ్ళు షెడ్డులో చోటిచ్చాడు, ఒక్కనాడు ఎత్తిపొడవలేదు. కానీ మొన్న లాంచీని షెడ్డులోంచి లాగించి రేవుకి తెచ్చేటప్పుడు అందరి ముందూ మాట తీసుకున్నాడు.

"చూడు వదినా, ఇది నెగ్గిందా, లాంచీ మీదే, ఇంజిన్ మీదే, ఇక నేను నోరెత్తను. నెగ్గలేదా, రేపు పొద్దున్నే ఇంజిన్ విప్పి మిల్లుకి బిగించుకుంటాను. నువ్వూ నోరెత్తకూడదు."

"ఎత్తను," అంది ముడులమ్మ.

అనడమైతే అంది. ఇంజిన్ లేని లాంచీ కాకులు వాలడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది? కూతురు సరంగు పరీక్ష పాసై ఏడాదైంది. ఆడపిల్ల చేతికి చక్రం ఎవరిస్తారు? దిగువ రేవులో ఎవరిదో ఇసుక లాంచీ మీద తాళ్ళు విసురుతూ, డెక్కు కడుగుతూ కాలం వెళ్ళబుచ్చుతోంది. ఈ లాంచీ లేచిందా, దాని చక్రం ముందు నిలబడటానికి ఆ పిల్లని ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

"అక్కా," అన్నాడు మేస్త్రి ఇంజిన్ గుంటలోంచి తల పైకెత్తి, "నువ్వలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు నీ చెప్పుల చప్పుడే వినపడుతోంది. ఇంజిన్ వినపడట్లేదు."

"ఇంజిన్ ఆగిపోయింది కదా, ఇంకేం వింటావు?"

"ఆగిపోయినదాన్నే జాగ్రత్తగా వినాలి."

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. ఎక్కడ ఏ బోల్టు వదులైందో అలా విని చెప్పేస్తాడని పేరు. సరంగు బతికున్న రోజుల్లో ఈ ఇంజిన్‌కి వైద్యం చేసింది ఈయనే.

ముడులమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఉత్త కాళ్ళతో మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

మేస్త్రి ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. ట్యాంకు ఇంజిన్ కంటే ఎత్తులో, వెనక సీటు కింద ఉంటుంది. అక్కణ్ణుంచి డీజిల్ దానంతటదే సన్నటి గొట్టంలోంచి కిందికి దిగి ఇంజిన్‌కి అందుతుంది. మేస్త్రి మూత విప్పాడు. ఉస్సుమంది. లోపలికి తొంగిచూశాడు.

"డీజిల్ సగానికి పైనే ఉంది," అని మూత బిగించాడు. ఫిల్టరు దగ్గర మర వదులుచేసి చూశాడు. డీజిల్ చక్కగా కారింది. "గాలి పట్టింది, అంతే. గొట్టంలో ఎక్కడో గాలి దూరుతోంది. గాలి తీసేస్తే సరి."

పొద్దున్నుంచి ఆయన చేస్తున్నది ఇదే. ఆగినప్పుడల్లా మూత తీసి డీజిల్ చూడటం, మూత పెట్టడం, మర వదులుచేసి గాలి తీయడం, మళ్ళీ బిగించడం. కూతురు హ్యాండిల్ వేసి తిప్పుతుంది. ఇంజిన్ ఠపీమని అందుకుంటుంది. "చూశావా, గాలి తియ్యగానే ఎలా లేచిందో," అంటాడు. పన్నెండు నిమిషాలకి మళ్ళీ దగ్గు.

ఈసారి ఆయన గొట్టం మొత్తం మార్చాడు. సందుల దగ్గర కొత్త వాషర్లు వేశాడు. ఆఖరికి ట్యాంకు మూతకి కూడా కొత్త రబ్బరు వాషరు వేసి, "చీమ కూడా దూరలేదు ఇప్పుడు," అన్నాడు.

పన్నెండున్నరకి ఇంజిన్ లేచింది. ముడులమ్మ ఒడ్డు మీద రాయి దగ్గర్నుంచి గట్టు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. వెళ్ళి రావడానికి నిమిషం. పదకొండుసార్లు వెళ్ళి వచ్చింది. పన్నెండోసారి గట్టు దగ్గర వెనక్కి తిరుగుతుండగా వెనకనుంచి దగ్గు వినపడింది.

"ఏమయ్యా, చీమ దూరిందా?" అన్నాడు మరిది. మిల్లులోంచి అప్పుడే వచ్చి, ఒంటి నిండా రంపపు పొట్టుతో గట్టు మీద నిలబడ్డాడు.

మేస్త్రి మళ్ళీ ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. మూత విప్పి చూసి, డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి గుడ్డలో చుట్టుకుని, నీడలోకి వెళ్ళి కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు.

"మావయ్యా, లాంచీ కట్టేసినప్పుడు ఏదైనా కన్నంలో గుడ్డ మిగిలిపోయిందేమో?" అంది కూతురు.

ముడులమ్మ గిరుక్కున తిరిగింది. "ఏం మిగలలేదు. ఎనిమిది కుక్కాను, ఎనిమిదీ తీశాను. తాడు మీద ముడులు నువ్వే విప్పావు కదా! మీ నాన్న చెప్పినదానికి ఒకటి ఎక్కువ చెయ్యలేదు, ఒకటి తక్కువ చెయ్యలేదు."

ముడులమ్మ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ పని మర్చిపోకూడదనుకున్నా కొంగుకి ఒక ముడి వేసుకునేది. మందు తేవాలంటే ముడి, ఎవరికైనా కబురు చెప్పాలంటే ముడి. పని కాగానే విప్పేసేది. సరంగు ఆవిణ్ణి ఆటపట్టిస్తూనే ఆ పద్ధతి తానూ పట్టుకున్నాడు. ఏటా వరద రోజుల్లో లాంచీని ఒడ్డుకెక్కించినప్పుడు పురుగూ పుట్రా చేరకుండా కన్నాలన్నిటికీ గుడ్డలు కుక్కేవాడు. ఒక్కో గుడ్డకి చక్రానికి కట్టిన తాడు మీద ఒక్కో ముడి. మళ్ళీ దించేటప్పుడు గుడ్డ తీస్తే ముడి విప్పాలి. ముడులన్నీ విప్పేదాకా ఇంజిన్ తిప్పకూడదు.

ఆఖరుసారి కుక్కింది ముడులమ్మే. ఆయన షెడ్డు గుమ్మంలో మంచం వేయించుకుని, ఒక్కొక్కటే చెప్పాడు. పొగగొట్టం. ఇంజిన్ గాలి పీల్చే మూతి. నీళ్ళు వచ్చే గొట్టం. నీళ్ళు పోయే గొట్టం. ఇరుసు దగ్గర సందు. నీళ్ళు తోడే పంపు. దీపాల వైర్లు పోయే కన్నాలు రెండు. మొత్తం ఎనిమిది.

"చూశావా, ఒప్పుకోదు," అన్నాడు మరిది నవ్వుతూ. "మా వదినకి మా అన్నయ్య మాట శాసనం. బతికుండగా ఒక్కటి వినేది కాదు, అది వేరే సంగతి."

"నువ్వు మిల్లు వదిలేసి ఇక్కడెందుకు నిలబడ్డావు? రేపు విప్పడానికి బోల్టులు లెక్కపెట్టుకుంటున్నావా?"

"లెక్కపెట్టేశాను. పదహారు."

కూతురికి ఒళ్ళు మండింది. "బాబాయ్, నాలుగింటిదాకా అది మాది. కాస్త దూరం జరిగి నిలబడు."

"జరిగాను తల్లీ, జరిగాను." ఒక్కడుగు వెనక్కి వేశాడు. "ఒక్కమాట చెప్తా, వింటే వినండి. డీజిల్ సగమే ఉందంటున్నారు. లాంచీ ఊగుతుంటే అడుగున ఉన్న చెత్త కదిలి అడ్డం పడుతుందేమో. నిండా పొయ్యండి. నిండుగా ఉంటే కదలదు."

మేస్త్రికి వేరే ఉపాయం తోచలేదు. నాజిల్ బిగించాడు. మరిది మిల్లులోంచి తానే రెండు డబ్బాల డీజిల్ మోసుకొచ్చాడు. మూతి దాకా పోశారు. మూత బిగించారు. ఒంటి గంటా ముప్పావుకి ఇంజిన్ లేచింది. చప్పుడు శుభ్రంగా ఉంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని తల ఊపాడు.

ముడులమ్మ రాయి దగ్గర్నుంచి గట్టుకి ఐదుసార్లు తిరిగింది. ఆరోసారి సగం దారిలో ఉండగానే ఇంజిన్ దగ్గింది.

 ఏటి నీళ్ళు లాంచీ పక్కలకి తగులుతున్న చప్పుడొక్కటే వినిపించింది.

"ఐదు నిమిషాలు," అంది కూతురు. 

మేస్త్రి స్క్రూడ్రైవర్ చెవి నుంచి దించి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "నలభై ఏళ్ళలో ఇలాంటిది చూళ్ళేదు. తిండి తక్కువైతే ఎవరైనా సోలిపోతారు. ఇదేమిటి, కడుపు నిండా పెట్టినకొద్దీ తొందరగా సోలిపోతోంది!"

"నాది తప్పు సలహా అయితే చెప్పెయ్," అన్నాడు మరిది.

"నీది తప్పో ఒప్పో నాకు తెలిస్తేగా చెప్పడానికి," అని మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "అక్కా, డీజిల్ పంపు విప్పాలి. విప్పితే మళ్ళీ బిగించేసరికి పొద్దుగూకుతుంది. ఆఫీసరు దగ్గర ఇంకో రోజు అడిగి చూడు."

"ఇవ్వడు. రెండోదాని కోసం ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారు."

రెండున్నర అయింది. కూతురు చక్రం ముందు చప్టా మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. మరిది గట్టు మీద చతికిలబడ్డాడు. ముడులమ్మకి మాత్రం కాలు నిలవలేదు, చెయ్యీ నిలవలేదు. చెప్పులు సర్దింది. తాడు చుట్టింది. చుట్టిన తాడు విప్పి మళ్ళీ చుట్టింది. మేస్త్రి నూనె చేతులు తుడుచుకుని పారేసిన గుడ్డలు అక్కడా ఇక్కడా పడి ఉంటే ఏరడం మొదలుపెట్టింది. అవి తాను కుక్కిన గుడ్డలే. మొన్న కన్నాల్లోంచి తీసినవి. నాలుగు మేస్త్రి దగ్గర, మూడు డెక్కు మీద, ఒకటి మరిది కూర్చున్న చోట.

"లే, గుడ్డ తీసుకోనీ."

"ఇప్పుడు ఉతుకుతావా వదినా ఇవి?"

ముడులమ్మ వాడి కిందనుంచి గుడ్డ లాక్కుంది. గుడ్డలన్నీ నూనె పిండి చప్టా మీద పరుస్తోంది. పాత గళ్ళ దుప్పటి అది. ఆయన మంచం మీది దుప్పటే. ఆ రోజు చేతికందిందని దాన్నే పరపరా చింపింది. చింపిన అంచుకి చింపిన అంచు ఆనించి పెడుతుంటే గళ్ళు కలిశాయి. ఊరికే చేతులకి పని కావాలి కనక ఒక్కో ముక్కా దాని చోట్లో పెట్టుకుంటూ వెళ్ళింది. పై వరస కుదిరింది. మధ్య వరస కుదిరింది. కింద ఎడమ మూల కుదిరింది.

కింద కుడి మూల లేదు.

ముడులమ్మ గుడ్డలు అటూ ఇటూ తిప్పింది. ఎనిమిదీ ఉన్నాయి. అయినా మూల ఖాళీగానే ఉంది, అరచేయంత. ఆ మూల ఆవిడకి బాగా తెలుసు. దుప్పటి అక్కడ చిరిగితే నీలం గుడ్డతో మాసిక వేసింది తనే. మాసిక వంకరగా పడిందని ఆయన నెల రోజులు నవ్వాడు.

నీలం మాసిక ముక్క ఏమైంది?

 కందిరీగ గుర్తొచ్చింది. ఎనిమిదోది కుక్కి ముడి వేసి దిగబోతుంటే ఒక కందిరీగ జుయ్యిమంటూ వచ్చింది. ఎక్కడికో దూరింది, బయటికొచ్చింది, మళ్ళీ దూరింది. మట్టి మోస్తోంది, గూడు కట్టుకోవడానికి. ముడులమ్మ ఆ మూల చింపి, ఉండ చుట్టి, బొటనవేలితో ఆ కన్నంలోకి నొక్కింది. అప్పుడు మంచం మీంచి ఆయన, "ఎన్నయ్యాయి?" అని అడిగాడు. "ఎనిమిది," అంది. తొమ్మిది అంటే, "తొమ్మిదోది ఎవరు కుక్కమన్నారు నిన్ను?" అని లేచి కూర్చునేవాడు. లేచి కూర్చుంటే దగ్గు. దగ్గు వస్తే ఆగేది కాదు. తాడు ఆయన లెక్క. ఆయన చెప్పనిదానికి ముడి ఎలా వేస్తుంది? రేపు పొద్దున నిదానంగా చెబుదాం, అప్పుడే వేద్దాం అనుకుంది. మర్నాడు పొద్దున చెప్పడానికి ఆయనే లేడు. ఆ పైన నాలుగేళ్ళలో ఆ గుడ్డ ఒక్కసారి కూడా మనసులోకి రాలేదు. ముడి వేస్తే కదా వచ్చేది!

గుర్తొచ్చింది సరే. ఆ కన్నం ఎక్కడ? అది మాత్రం ఎంత తన్నుకున్నా తట్టడం లేదు.

ముడులమ్మ మరిది వైపు చూసింది. వాడు గడ్డిపరక నములుతూ ఏటివైపు చూస్తున్నాడు. మధ్యాహ్నం అందరి ముందూ, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు అని కూతురి మీద విరుచుకుపడింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పడం? ముందు తానే వెతుకుదామనుకుని లాంచీ చుట్టూ వేళ్ళతో తడుముకుంటూ బయల్దేరింది. కూతురు లాంచీకి ఇవాళ్టి పరీక్ష ఉందని మూడు రోజులు కష్టపడి లాంచీకంతటికీ నీలం రంగు వేసింది. రెండు పూతలు. ఎక్కడ చూసినా నున్నగా, కొత్తగా, అంతా ఒకేలా ఉంది.

వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి ఆఖరుసారి చూద్దామని ట్యాంకు మూత విప్పుతున్నాడు. ఉస్సుమంది. ఈసారి గట్టిగా.

ముడులమ్మ అక్కడే ఆగిపోయింది. "మేస్త్రీ, ఆ ఉస్సు ఏమిటి?"

"ఏ ఉస్సు?"

"మూత తీసినప్పుడల్లా ఉస్సుమంటోంది. పొద్దున్నుంచీ అంటోంది. నువ్వు వినలేదా?"

"నేను ఇంజిన్ వింటున్నాను అక్కా, మూతలు వినడం లేదు," అన్నాడు చిరాగ్గా. అని, మూత చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మొహంలో చిరాకు మెల్లగా కరిగి, ఇంకేదో వచ్చింది. "పొద్దున్నుంచీనా?"

"నూనె డబ్బాకి ఒకటే కన్నం పెట్టి వంచితే ఏమవుతుంది?" అంది ముడులమ్మ. మాట తొందరగా వచ్చేస్తోంది. "గుడగుడమని నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. రెండో కన్నం పెడితే కదా ధార కట్టేది. ఈ ట్యాంకుకి రెండో కన్నం ఏది?"

మేస్త్రి మూత కింద పెట్టాడు. స్క్రూడ్రైవర్‌తో నెత్తిన ఒక్కటి కొట్టుకున్నాడు. "గాలి ఎక్కువైందని నేను పొద్దున్నుంచి గాలి తీస్తున్నాను. అది గాలి అందక చస్తోంది! డీజిల్ దిగినకొద్దీ ఆ చోట్లోకి గాలి రావాలి. రావట్లేదు. నిండా పోస్తే లోపల ఉన్న కాస్త గాలీ పోయింది, అందుకే ఐదు నిమిషాలకే ఆగింది. నేను మూత తీసి చూసినప్పుడల్లా అది ఊపిరి పీల్చుకుంది. నేనేమో నా వైద్యమనుకున్నాను." చుట్టూ చూశాడు. "ట్యాంకుకి గాలి గొట్టం ఉండాలి. పాతరోజుల్లో మూత పక్కనే ఉండేది. బావ దాన్ని ఎక్కడికో మార్చాడు, వాన నీళ్ళు పడుతున్నాయని. ఎక్కడికి మార్చాడో... దాంట్లో ఏ పురుగో గూడు కట్టుంటుంది."

పురుగు అన్నాడు. ఆ మాట పట్టుకుంటే చాలు. గూడు కట్టింది పురుగే అని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ముడులమ్మ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"పురుగు కాదు," అంది. "నేను కుక్కాను. తొమ్మిదోది. ఆయనకి చెప్పలేదు, ముడి వెయ్యలేదు."

కూతురు తలెత్తింది. మరిది నోట్లో గడ్డిపరక ఆగిపోయింది.

"వదినా!" అన్నాడు. "ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు..."

"అన్నాను. అబద్ధం. తర్వాత ఎన్నైనా అను, పడతాను. ముందు దిగి వెతుకు."

నలుగురూ వెతికారు. మరిది అందరికంటే ముందు నీళ్ళలోకి దిగి వెనక వైపు పట్టాడు. కూతురు, "నేను రంగు వేసినప్పుడు ఎక్కడా కన్నం కనపడలేదే," అని ఏడుపు గొంతుతో అంటూనే వెనక సీటు అంచు కింద వేళ్ళు పోనిచ్చింది. బాతు మెడలా కిందికి వంగిన సన్నటి గొట్టం తగిలింది. మూతి నున్నగా, గట్టిగా ఉంది. గోరుతో గీకింది. నీలం పొర పెచ్చులా లేచింది. లోపల గుడ్డ.

"అమ్మా! దీనికి కూడా రంగేసేశాను!"

"నేను కుక్కాను, నువ్వు మూతేశావు. మంచి జోడీ," అంది ముడులమ్మ. "వైరు ముక్క తే."

మేస్త్రి వైరు కొస వంచి లోపలికి పోనిచ్చి తిప్పాడు. గుడ్డ అంత తేలిగ్గా రాలేదు, గట్టిపడిపోయింది. కొంచెం తెగింది, కొంచెం కదిలింది. ఆఖరికి మొత్తంగా ఊడివచ్చింది. దానితోపాటు ఎండిన మట్టి రాలింది. కందిరీగ అప్పటికే పని మొదలుపెట్టేసింది పాపం. ముడులమ్మ ఉండ విప్పింది. నీలం మాసిక. వంకరగా.

అప్పుడే గట్టు మీద జీపు హారన్ మోగింది. నాలుగింటికి రావలసిన ఆఫీసరు మూడుంపావుకే దిగాడు. బక్కపలచటి మనిషి. చంకలో అట్ట, చెవి మీద పెన్ను.

"సరంగు ఎవరు?"

"నేనండీ," అంది కూతురు చేతులు తుడుచుకుంటూ.

ఆయన కూతుర్ని చూశాడు, మేస్త్రిని చూశాడు, మళ్ళీ కూతుర్ని చూశాడు. "సరే, పద. సరంగు, నేను, అంతే. మిగతావాళ్ళు ఒడ్డునే ఉండండి."

"ఒక్క పదినిమిషాలు ఇస్తే ఇంజిన్ తిప్పి చూసుకుంటాం సార్," అన్నాడు మేస్త్రి.

"తిప్పి చూడటానికే కదయ్యా నేనొచ్చింది."

మేస్త్రి గబగబా వంగి మూత బిగించబోతూ, కూతురి చెవిలో, "పోనీ మూత వదులుగా ఉంచనా?" అన్నాడు. ఆఫీసరు చూపు అటే ఉంది. "ఆ మూత గట్టిగా బిగించండి. డీజిల్ చిందితే ఎవరిది బాధ్యత?" అన్నాడు. మేస్త్రి చేసేదిలేక బిగించాడు.

హ్యాండిల్ తిరిగింది. ఇంజిన్ లేచింది. లాంచీ ఒడ్డు వదిలింది.

ముడులమ్మ రాయి దగ్గర నిలబడింది. కాలు గట్టువైపు లాగింది, నడవలేదు. నడిస్తే నీళ్ళవైపు వీపు పెట్టాలి. లాంచీ పొడుగాటి గీతలా నీళ్ళని చీలుస్తూ వెళ్తోంది. ఫోను కూతురి దగ్గరే ఉండిపోయింది. మరిది తన వాచీ విప్పి మేస్త్రి చేతిలో పెట్టాడు. "నువ్వు చూడు. నేను చూస్తే మా వదిన నమ్మదు."

"మూడు," అన్నాడు మేస్త్రి.

"గట్టిగా అనకు."

"నాలుగు."

"అనకన్నానా!"

ఐదో నిమిషం ఆయన పైకి అనలేదు. వేలు ఎత్తాడు. ముడులమ్మ ఊపిరి బిగబట్టి విన్నది. చప్పుడు నీళ్ళ మీద పలుచగా, తెంపు లేకుండా వస్తోంది. ఆరు. ఏడు. లాంచీ ఏటి మధ్యలో ఉంది. అక్కడ ఆగితే ప్రవాహం వంతెన స్తంభాలవైపు లాక్కుపోతుంది. ఆ ఆలోచన రాగానే ఆవిడ చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని వెతికాయి. ఇందాక చుట్టి భుజాన వేసుకున్న చక్రం తాడు తగిలింది. విప్పిన ఎనిమిది ముడులూ వంకీలు తిరిగి, తాడంతా మెలిపెట్టినట్టుంది. దాని కొసన ఒక్క ముడి వేసింది.

"పదకొండు," అన్నాడు మేస్త్రి, గొణిగినట్టు.

అంతలో చప్పుడు ఆగిపోయింది.

ముడులమ్మ నీళ్ళలోకి అడుగు వేసింది. మరిది చెయ్యి పట్టుకున్నాడు. "వదినా, వదినా, అవతల చెట్ల చాటుకి వెళ్ళింది. చాటున వినపడదు. అన్నయ్య లాంచీ కూడా అక్కడ వినపడేది కాదు. గుర్తులేదూ?"

గుర్తుంది. పద్దెనిమిదేళ్ళు రోజూ విన్నదే. అయినా ఆ మాట చెవికి పట్టలేదు. మేస్త్రి అలవాటుగా స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, రెండో కొస గాల్లో పెట్టి నిలబడ్డాడు. ఆ వేషం చూసి వేరే రోజైతే మరిది పడీపడీ నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. పదిహేను.

పదిహేడో నిమిషాన చెట్ల చాటునుంచి ముందు చప్పుడు వచ్చింది. తర్వాత లాంచీ ముక్కు వచ్చింది.

"నా పదహారు బోల్టులూ పోయాయి," అన్నాడు మరిది. వెళ్ళి నీళ్ళలో మోకాలి దాకా దిగి, తాడు అందుకోవడానికి నిలబడ్డాడు.

లాంచీ రేవుకి వచ్చింది. కూతురు ఒడ్డుకి ఆనించింది. ఇంజిన్ డబడబమంటూనే ఉంది. ఆఫీసరు అట్ట మీద ఏదో రాస్తూ, చప్పుడుకి మొహం చిట్లించి అరిచాడు.

"ఆపమ్మా ఇంక! నేను చెప్పేదాకా ఆపవా దీన్ని?"

"ఆపనా సార్?" అంది కూతురు, తల్లివైపు చూస్తూ.

ముడులమ్మ తాడు కొసన ముడి విప్పి, నీలం మాసిక గుడ్డని కొంగున కట్టుకుంది. అప్పుడు తలూపింది.